మథురా రోడ్డు ప్రక్కన ఒక సేనాని

ఎన్నికల ఫలితాలు వెలువడిన తరువాత కొన్ని వారాలపాటు ఢిల్లీలో ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. ఓడిన సభ్యుల బంగళాల ముందు లారీలు నిలుస్తాయి. నిన్నటివరకు ఆ గేటు వద్ద పడిగాపులు పడిన జనం వేరొక గేటు వెదుక్కుంటారు. అటువంటి ఒక ఉదయాన ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక మాజీ సభ్యుడు పుస్తకాలను పెట్టెల్లోకి సర్దుకుంటూ, ఈ రచయితకు రహీం దోహా ఒకటి వినిపించి నవ్వివేశారు. విపత్తు స్నేహితులను జల్లెడ పడుతుందన్నది దాని తాత్పర్యం. దానిని చెప్పినవాడు మన మాజీ సభ్యుని కంటె ఎన్నో మెట్లు పైకి ఎక్కినవాడు, అంతకంటె దారుణంగా పడినవాడు.

అబ్దుర్రహీం 1556 డిసెంబరులో లాహోరులో జన్మించారు. తండ్రి బైరాం ఖాన్ బాల అక్బరుకు సంరక్షకుడై సామ్రాజ్యాన్ని నిలబెట్టినవాడు. అధికారం చేజారిన తరువాత ఆయన తిరుగుబాటు చేసి, ఓడి, క్షమాభిక్ష పొంది మక్కాకు బయలుదేరారు. 1561లో దారిలో గుజరాత్‌లోని పాటన్ వద్ద హత్యకు గురయ్యారు. అప్పటికి రహీం నాలుగేళ్ల పసివాడు. అక్బరు ఆ బాలుని ఆస్థానానికి రప్పించి పెంచారు. రాజు అనుగ్రహం ఏమిటో, అది తప్పితే ఏమవుతుందో రెండింటినీ ఆ బాలుడు ఊహ తెలియకముందే చవిచూశాడన్నమాట.

తరువాతి ముప్పయి ఏళ్ల వైభవాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గుజరాత్‌లో ముజఫర్ షాను ఓడించినందుకు 1584లో తండ్రి బిరుదమైన ఖాన్-ఇ-ఖానాన్ లభించింది. 1589లో బాబరు ఆత్మకథను తుర్కీ నుంచి పారశీకంలోకి అనువదించి అక్బరుకు సమర్పించారు. సింధును జయించారు. దక్కనుకు వచ్చి, 1597లో గోదావరీ ప్రాంతంలోని అష్టి వద్ద బిజాపూర్, అహమద్‌నగర్, గోల్కొండ సేనలను ఎదుర్కొన్నారు. ఆ రోజున మన గోల్కొండ ఆయనకు శత్రుపక్షమే. దానకర్ణుడని పేరు. దానమిచ్చేటప్పుడు కనులు దించుకునేవారని, అందుకు కారణమేమని గంగ్ కవి అడిగారని ఉత్తరాదిన ఈనాటికీ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, కనులెత్తి, ఫొటోగ్రాఫరు వంక చూస్తూ దానం చేసేవారిని చూచి చూచి అలసిన ఈ రచయితకు ఆ కథ ఇష్టం.

ఇంతటి ప్రభువు కవిత్వంలో దర్బారు దాదాపు కనిపించదు. దోహాకు రెండు పాదాలు, పాదానికి 24 మాత్రలు. ఆ ఇరుకు చోటులో ఆయన పెట్టినవి సూది, దారం, ఉప్పు, చెరువు, బావి. జీవితమంతా కత్తి పట్టిన సేనాని, సూది చేయవలసిన పని కత్తి వల్ల కాదని ఒప్పుకున్నారు. తెగిన దారాన్ని అతికినా ముడి మిగులుతుందన్నది, అన్నదమ్ముల తగవులు తీర్చే పెద్దమనుషులకు అక్కడ మొదట గుర్తుకు వచ్చే మాట. యాచించిన క్షణంలో ఎంతటివాడైనా చిన్నబోతాడని చెప్పడానికి ఆయనకు వామనుడు గుర్తుకు వచ్చాడు. క్షమకు ఉదాహరణగా భృగువు పాదతాడనాన్ని సహించిన విష్ణువు. ముసల్మాను ప్రభువు పురాణకథను పరాయిదిగా ఎంచలేదు, విన్న జనమూ ఆయనను పరాయివాడుగా ఎంచలేదు. మన పల్లెల్లో వేమన పద్యం చేసిన పనినే హిందీ సీమలో ఈ దోహాలు చేశాయి. తత్త్వం చదువుకున్న వారి సొత్తు కాకుండా, అప్పు అడగబోయే ముందు, కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు అందుకు వచ్చే మాటగా మారింది.

వాటన్నిటిలోకీ ప్రసిద్ధమైనది నీటి మీది దోహా. ముత్యానికి నిగారింపు, మనిషికి మానం, పిండికి తడి, ఈ మూడింటికీ హిందీలో పానీ అనే మాట ఒక్కటే చాలు. ఆ శ్లేష ఉత్త మాటల ఆట కాదని తెలుసుకోవాలంటే బుర్హాన్‌పూర్ వెళ్లాలి. ఆయన అక్కడ పాలించిన కాలంలో, 1615 ప్రాంతాన, సాత్పురా కొండల అడుగున ఇంకిన నీటిని నగరానికి మళ్లించేందుకు వరుస బావులతో భూగర్భ కాలువ తవ్వించారు.

చివరి అంకం దుర్భరం. 1622లో ఖుర్రం, అనగా ముందుముందు షాజహాను కాబోయే రాజకుమారుడు, జహంగీరుపై తిరుగబడ్డాడు. వృద్ధ రహీం ముందు రాజకుమారుని ప్రక్క నిలిచారు, తరువాత చక్రవర్తి వైపు జరిగారు. ఇరుపక్షాలూ ఆయనను నమ్మలేదు, ఇరుపక్షాలూ నిర్బంధించాయి. పక్షం మార్చినవారిని గురించి ఎన్నో వార్తలు వ్రాసిన ఈ రచయిత ఈ ఘట్టాన్ని దాచి ఆయనను ఋషిని చేయదలచుకోలేదు. ఇద్దరు కుమారులు అప్పటికే మరణించారు. మిగిలిన దారాబ్ ఖాన్‌ను 1625లో మహాబత్ ఖాన్ శిరచ్ఛేదం చేయించి, ఆ తలను తండ్రికి పంపించాడు. తరువాత జహంగీరు పాత బిరుదును తిరిగి ఇచ్చారు. కుమారుని ఎవరూ తిరిగి ఇవ్వలేరు కదా!

విపత్తు గురించిన దోహాలలో ఏవి ఈ దుఃఖానికి ముందువో, ఏవి తరువాతివో చెప్పేందుకు వాటి మీద తేదీలు లేవు. చదివేవారికి ఆ అవసరమూ కలగలేదు.

1627లో లాహోరులో జబ్బుపడి, ఢిల్లీ చేరి కన్నుమూశారు. భార్య మాహ్ బానూ కోసం 1598లో తాను కట్టించిన సమాధిలోనే ఆయననూ ఖననం చేశారు. నిజాముద్దీన్ తూర్పున, మథురా రోడ్డు ప్రక్కన ఆ కట్టడం ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో సఫ్దర్‌జంగ్ సమాధి కట్టేవారు దీని పాలరాతిని ఒలుచుకుపోయారు. ఆరేళ్ల మరమ్మతుల అనంతరం 2020లో దీనిని మళ్లీ సందర్శకులకు తెరిచారు. గుమ్మటం మీద పాలరాయిని మాత్రం పూర్తిగా కప్పలేదు. అంచున కొంత తెలుపు, పైన పాత గచ్చు.