రాజు కట్టించిన గోపురం - రైతు కట్టిన శిస్తు

ఫాల్గుణ మాసం వచ్చిందంటే మంగళగిరి తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదులుతాయి. శుద్ధ షష్ఠికి మొదలైన లక్ష్మీనరసింహస్వామి ఉత్సవాలు పున్నమి నాటి రథోత్సవంతో పతాక స్థాయికి చేరతాయి. చేలో కోతలు, కల్లంలో నూర్పిళ్ళు ఒక కొలిక్కి వచ్చే రోజులవి. నాలుగు డబ్బులు చేతిలో ఆడితే పిల్లలకు గాజులు, బూరలు, చెరకు గడలు. కొండెక్కి పానకాలస్వామికి బెల్లం పానకం. పోసిన దాంట్లో సగం స్వామి తాగి సగం భక్తుడికి వదులుతాడని నమ్మకం. సాయంత్రం రథం తాడు పట్టడానికి వేల చేతులు ముందుకొస్తాయి. ఆ తాడు లాగే చేతుల్లో ఎక్కువ భాగం నాగలి పట్టినవీ, మగ్గం నేసినవీ, కొడవలి పట్టినవీ.

రథం కదిలే వేళ అందరి కళ్ళూ తూర్పు గాలిగోపురం మీదే. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. 1807 - 1809 మధ్య దీన్ని కట్టించినవాడు అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు. ఆయన పేరు వినని వాడు మన జిల్లాలో ఉండడు. ఆ పేరు వెనక ఉన్న జీవితాన్ని రైతు కూలీల వైపు నుంచి ఒకసారి చూద్దాం.

వెంకటాద్రినాయుడు 1761లో పుట్టాడు. 1783లో జమీ పగ్గాలు చేతికొచ్చాయి. అప్పటికి రాజధాని కృష్ణ ఒడ్డున చింతపల్లి. గుంటూరు సీమ అంతకు ముందు దాకా నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. అతను 1782లో చనిపోయాక, 1788లో ఇంగ్లీషు కుంపిణీ ఈ సీమను స్వాధీనం చేసుకుంది. చింతపల్లిలో కుంపిణీ సిపాయిల్ని పెట్టడం రాజుకు నామోషీ అయింది. అంతవరకు ఎదురులేని దొరకు తన కోటలోనే కాపలా! అందుకే ఆయన అక్కడి నుంచి మారి అమరావతిని కట్టించాడని చరిత్రకారులంటారు.

జనం చెప్పుకునే కారణం వేరు. ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారన్న నెపంతో చెంచుల్ని విందుకు పిలిపించి, భోజనానికి వచ్చిన వాళ్ళని నరికించాడట. నూటయాభై మంది అని ఒక లెక్క, అయిదారు వందలని మరో లెక్క. నరుకుళ్ళపాడు అన్న ఊరి పేరు ఆ నెత్తుటి గుర్తేనంటారు. ఆ తర్వాత కంచంలో అన్నం పురుగులై కనిపించిందనీ, ఆ పాపం కడుక్కోవడానికే అమరేశ్వరుడి దగ్గరకు చేరి గుడులు కట్టించాడనీ కథ. అన్నం పురుగులు కావడం కథే కావచ్చు. కానీ అన్నానికి పిలిచి ప్రాణం తీసిన దొరను జనం క్షమించలేదు అనడానికి ఆ కథే సాక్ష్యం. మరో మాట కూడా మరవరాదు. చెంచులు నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడంటారు, చెంచులక్ష్మి వాళ్ళ ఆడపడుచు. అల్లుడికి ఆకాశమంత గోపురం కట్టించిన రాజు అత్తింటి వాళ్ళకు చేసింది ఇదీ!

అమరావతి కట్టేటప్పుడు పాత దిబ్బ తవ్వితే ఇటుకలు, చలవరాతి పలకలు బయటపడ్డాయి. అది రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ మహాస్తూపం. బొమ్మలు చెక్కిన ఆ రాళ్ళు కొన్ని కొత్త కట్టడాల్లోకి వెళ్ళాయి, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. సంగతి తెలిసి కుంపిణీ అధికారి కల్నల్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. మిగిలిన పలకల్లో మంచివి తర్వాత కాలంలో కొన్ని మద్రాసు మ్యూజియానికి, కొన్ని లండనుకు చేరాయి. రాజుకు అవి ఉత్త రాళ్ళు, తెల్లదొరకు సొత్తు.

ఆయన దాతృత్వం అబద్ధమని మేం అనడం లేదు. గుడులు కట్టించాడు, చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మకు గుడి లేపాడు, పండితులకు ఈనాములిచ్చాడు, అన్నదానాలు చేశాడు. మరి ఆ సొమ్ము ఎక్కడిది? రాజు గారు దుక్కి దున్నలేదు, కలుపు తియ్యలేదు. అయిదు వందలకు పైగా గ్రామాల రైతులు పండించిన దాంట్లో సగానికి అటూ ఇటూ శిస్తు రూపంలో కల్లం దగ్గరే ఎత్తుకుపోతే వచ్చిన సొమ్ము అది. 1802లో కుంపిణీ శాశ్వత పైసలా చేసింది. జమీందారు సర్కారుకు కట్టవలసిన పేష్కష్‌కు శాశ్వతంగా హద్దు గీసింది. రైతు జమీందారుకు కట్టేదానికి మాత్రం ఆచరణలో హద్దు లేకపోయింది.

అప్పటికి కృష్ణా కాలువలు లేవు. బెజవాడ ఆనకట్ట 1855లో గాని పూర్తి కాలేదు. వాన పడితేనే పంట. కష్టజీవి కూడు జొన్న సంకటి, వరిగ అన్నం, గంజి, అంబలి. నంజుకోడానికి గోంగూర, ఉల్లిపాయ, మిరపకాయ. వరి అన్నం పండక్కి. ఉగాది నాడు వేపపువ్వు పచ్చడి నాలిక్కి రాసుకుంటే కొత్త ఏడు. చాలా చోట్ల పాలేరు జీతం ఒప్పందమూ ఆ పండగతోనే ముగిసి మళ్ళీ మొదలయ్యేది. వసంతం దొరలకు రంగులాట. పాలేరుకు పాత బాకీ లెక్క.

గోపురానికి రాళ్ళు ఎత్తినవాళ్ళు, సున్నం నూరినవాళ్ళు ఈ జనమే. గోపురం ఒక పక్కకు ఒరిగితే ఎదురు పక్క కోనేరు తవ్వి సరిచేశారని మంగళగిరిలో చెబుతారు. తవ్వింది రాజు చేతులు కావు. అయినా కట్టించినవాడి పేరు నిలిచింది, మోసినవాడి పేరు పోయింది.

వెంకటాద్రినాయుడు 1816లో చనిపోయాడు. కడుపున పుట్టిన వారసులు లేరు. ఇద్దరు దత్తపుత్రులు ఆస్తి కోసం కోర్టుకెక్కారు. వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పాకింది. రాజు కూడబెట్టిన ధనం ప్లీడర్ల పాలు, అప్పులవాళ్ళ పాలు అయింది. ఈలోగా 1832 - 33 నందన కరువు వచ్చిపడింది. డొక్కల కరువు అన్నది దాన్నే. గుంటూరు జిల్లాలోని అయిదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారని అంచనా. అంతంత గోపురాలు నిలిచిన సీమలో ఆకలికి ఆగే గాదె ఒక్కటి మిగల్లేదు. 1840ల చివరికి గుంటూరు జమీందారీలు దాదాపుగా బకాయిల కింద సర్కారు చేతిలోకి పోయాయి.

తక్కిన చోట్ల జమీందారీలు ఇంకో వందేళ్ళు సాగాయి. వాటిని కూల్చింది ఏ రాజు దయా కాదు. 1937 - 38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచిన రైతు రక్షణ యాత్ర లాంటి పోరాటాల ఒత్తిడితోనే 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. అప్పుడు కూడా నేల చాలా వరకు పట్టాదారు చేతికి పోయింది గాని, ఆ నేల మీద వంగి నాటేసిన కూలీ చేతికి రాలేదు. ఆ లెక్క ఇంకా తేలలేదు.

తిరునాళ్ళకు వెళ్ళొద్దని మేం చెప్పడం లేదు. ఆ పండగ మన వాళ్ళది. పానకంలో బెల్లం మన చెరకుది, తాడు లాగే బలం మన జబ్బలది. గోపురం కింద నిలబడి పిల్లలు ఇది ఎవరు కట్టించారని అడిగితే రాజు పేరు చెప్పండి. ఆ వెంటనే రాళ్ళు మోసినవాళ్ళ గురించీ, విందుకెళ్ళి తిరిగిరాని చెంచుల గురించీ, కల్లంలో సగం పంట పోగొట్టుకున్న రైతుల గురించీ చెప్పండి. అప్పుడే వాళ్ళకు చరిత్ర పూర్తిగా చెప్పినట్టు.