చెన్ యిన్‌కో : కవిత్వమున చరిత్రను చూచిన అంధ పండితుడు

చరిత్రకారులు వ్రాసినదెల్ల సత్యమనియు, కవులు వ్రాసినదెల్ల కల్పన యనియు లోకమున నొక నమ్మకము కలదు. ఈ నమ్మకమును రెండు వైపులనుండియు కదలించిన మహాపండితుడు చైనాదేశమున ఇరువదవ శతాబ్దమున నుండెను. ప్రామాణికములని పేరొందిన చరిత్ర గ్రంథములలో కట్టుకథ ఎచ్చట చొరబడినదో ఆయన చూపెను. కవుల పద్యములలో నిజమైన చరిత్ర ఎచ్చట దాగియున్నదో అదియు చూపెను. జీవితాంతమున దాదాపు ఇరువదియైదేండ్లు ఆయనకు చూపు లేదు. ఆయన గ్రంథములలో మిక్కిలి పెద్దది ఆ చీకటిలో వెలువడినదే. ఆయన పేరు చెన్ యిన్‌కో.

యిన్‌కో 1890 జూలై 3వ తేదీన హునాన్ రాష్ట్రమునందలి చాంగ్‌షా నగరమున జన్మించెను. వారి పూర్వులది జియాంగ్‌షీ రాష్ట్రము. తాత చెన్ బావోజెన్ హునాన్ రాష్ట్రపాలకుడై నూతన విద్యలను, నూతన పరిశ్రమలను ప్రోత్సహించిన సంస్కర్త. 1898లో చక్రవర్తి తలపెట్టిన సంస్కరణములు నూరు దినములకే భగ్నము కాగా, ఆయన పదవీచ్యుతుడయ్యెను. తండ్రి చెన్ సాన్లీకి ఆ శిక్షయే పడినది. నాటినుండి సాన్లీ రాజకీయములను వదలి కవిత్వమే వ్రతముగా బ్రతికి, తన కాలపు కవులలో అగ్రగణ్యుడని పేరొందెను. అధికారము చేతిలో విద్య ఎట్టి పాట్లు పడునో యిన్‌కోకు పుస్తకములు చెప్పుటకు ముందే ఇల్లు చెప్పినది.

పండ్రెండేండ్ల ప్రాయమున, 1902లో, ఆయన జపానుకు చదువ నేగెను. అటు పిమ్మట బెర్లిన్, జూరిచ్, పారిస్ నగరములలో చదివెను. 1919లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి లాన్మన్ పండితునియొద్ద సంస్కృతమును, పాళీని అభ్యసించెను. 1921లో మరల బెర్లిన్ చేరి లూడర్స్ పండితుని శిష్యుడయ్యెను. టిబెటను, మంగోలు, మంచూ మున్నగు భాషలలోను కృషి చేసెను. ఇన్నేండ్లు ఇన్ని విద్యాపీఠములలో తిరిగియు ఒక్క పట్టమైనను పుచ్చుకొనక స్వదేశమునకు మరలెను. ఆయనకు కావలసినది విద్య. దానిపై వేయు ముద్ర కాదు.

బీజింగ్ నగరమునందలి చింగ్‌హువా విద్యాలయమున దేశీయ విద్యల పరిశోధనకై 1925లో ఒక పీఠమును స్థాపించి నలుగురు ఆచార్యులను నియమించిరి. లియాంగ్ చీచావ్, వాంగ్ గువోవెయ్, జావ్ యువాన్‌రెన్ అనువారు ముగ్గురు, నాలుగవవాడు యిన్‌కో. ఆయన 1926లో అచ్చట బోధన ప్రారంభించెను.

ఆ కాలమున ఆయన వ్రాసిన వ్యాసములు మనకు ప్రత్యేకముగా ఆసక్తి గొల్పును. చైనా దేశపు త్రిరాజ్య చరిత్రయందు ఒక బాలుని ప్రజ్ఞను గూర్చిన కథ కలదు. ఏనుగును పడవ నెక్కించి, పడవ ఎంత మునిగెనో గుర్తుపెట్టి, తరువాత ఆ గుర్తువరకు రాళ్లు నింపి తూచినచో ఏనుగు బరువు తెలియునని ఆ బాలుడు చెప్పెనట. ఇది నిజముగా జరిగినది కాదనియు, బౌద్ధులవెంట భారతదేశమునుండి వచ్చిన కథ చరిత్ర వేషము ధరించినదనియు యిన్‌కో 1930లో వాదించెను. హ్యూయన్‌త్సాంగ్ యాత్రను ఆధారము చేసికొన్న ప్రసిద్ధమైన చీనా నవలలో సున్ వుకోంగ్ అను వానరుడు స్వర్గమును అల్లకల్లోలము చేయును. స్వర్గమునకేగి ఇంద్రపదవికే ఆశపడిన మాంధాత కథయు, రామాయణమున సేతువు కట్టిన నలుడను వానరశిల్పి కథయు బౌద్ధ ప్రవచనకారుల నోట కలిసిపోయి ఆ ఘట్టమునకు మూలమైనవని ఆయన ఊహ. చీనా భాషయందలి స్వరభేదములను తొలుత గుర్తించి లెక్కించుటకు మన వేదపఠనమునందలి ఉదాత్త, అనుదాత్త, స్వరితములు ప్రేరణ యని 1934లో ప్రతిపాదించెను. ఈ చివరి సిద్ధాంతమును తరువాతి వారందరును అంగీకరింపలేదు. ఐనను ఒక జాతి సంస్కృతి పరసంస్కృతులను ఎట్లు జీర్ణించుకొని తనదిగా చేసికొనునో అను ప్రశ్నను ఆయన జీవితాంతము విడువలేదు.

1927 జూన్ 2న సహోద్యోగియగు వాంగ్ గువోవెయ్ బీజింగ్ వేసవి రాజప్రాసాదమునందలి సరస్సులో పడి ప్రాణత్యాగము చేసికొనెను. పతనమైన మంచూ రాజవంశముపై భక్తిచే చనిపోయెనని కొందరు, ఇతర కారణములు కలవని కొందరు చెప్పుకొనిరి. 1929లో ఆయన స్మారక శిలపై లిఖించుటకు వాక్యములు కూర్చినవాడు యిన్‌కో. ఆ మరణము ఒక వంశముకొరకు గాని వ్యక్తిగత వైషమ్యముచే గాని కలిగినది కాదనియు, స్వతంత్రమైన మనస్సు, బంధములేని ఆలోచన అనునవే విద్వాంసునికి ప్రాణమనియు ఆ శాసనభావము. మిత్రునికొరకు వ్రాసిన ఆ మాట తన జీవితమునకే ప్రతిజ్ఞ యగునని అప్పు డెవరును తలపలేదు.

1937లో జపాను సేనలు బీజింగ్ నాక్రమించినవి. వృద్ధుడైన సాన్లీ ఆహారౌషధములను నిరాకరించి మరణించెను. అప్పుడే యిన్‌కో కుడికంటిలోని నేత్రపటలము ఊడిపోయెను. శస్త్రచికిత్స చేయించుకొనినచో శత్రువుల ఏలుబడిలో చాలకాలము నిలువవలసి వచ్చును. ఆయన కన్ను వదలుకొని ఊరు విడిచెను. దారిలో పుస్తకములును పోయినవి. అంచులలో చిన్న అక్షరములతో తాను వ్యాఖ్యానములు వ్రాసికొన్న గ్రంథముల పెట్టెలు ప్రయాణమున దొంగల పాలయ్యెను. చాంగ్‌షాకు పంపిన పుస్తకములు 1938 నాటి అగ్నిప్రమాదమున భస్మమయ్యెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము 1939లో ఆచార్యపదవి కాహ్వానించెను. యుద్ధమువలన పోలేక హాంకాంగ్‌లో చిక్కుకొనెను. 1941 డిసెంబరులో ఆ నగరమును జపాను గెలిచినది. ఆకలితో నుండియు ఆయన ఆక్రమణదారుల ఆదరమును స్వీకరింపక, 1942లో తప్పించుకొని స్వదేశభాగమున కేగెను. ఇట్టి స్థితిలోనే సూయి, టాంగ్ వంశముల రాజ్యవ్యవస్థలను గూర్చియు, టాంగ్ కాలపు రాజకీయములను గూర్చియు రెండు సుప్రసిద్ధ గ్రంథములు రచించెను. ఆ కాలమున మనుష్యుని జాతి నిర్ణయించినది రక్తము కాదు, సంస్కృతి యని వానిలో నిరూపించెను.

1944 డిసెంబరులో, చెంగ్డూ నగరమున నుండగా, ఎడమ కన్నును చెడెను. అచ్చటి చికిత్సయు, తరువాత ఇంగ్లండులో చేసిన చికిత్సయు ఫలింపలేదు. 1946లో చింగ్‌హువాకు తిరిగివచ్చునప్పటికి ఆయన అంధుడు.

1950లో వెలువడిన గ్రంథమున ఆయన టాంగ్ కవులగు యువాన్ జెన్, బాయ్ జూయిల పద్యములను చరిత్రతో ముడివేసి పరీక్షించెను. చక్రవర్తియు ఆయన ప్రేయసియు ఏడవ మాసము ఏడవ రాత్రి వేడినీటి బుగ్గల ప్రాసాదమున ఏకాంతమున బాసలు చేసికొన్నట్లు బాయ్ జూయి వర్ణించెను. ఆ చక్రవర్తి అచ్చటికి పోవునది చలికాలమునందే యనియు, కవి పేర్కొన్న మందిరము పూజాస్థానమే కాని శయనాగారము కాదనియు యిన్‌కో చూపెను. కవిని తప్పుపట్టుట ఆయన ఉద్దేశము కాదు. ఎచ్చట కల్పించెనో తెలిసిననే గాని ఎచ్చట సాక్ష్యము చెప్పుచున్నాడో తెలియదు. కవి ఒక ప్రాచీన కథను స్మరించునప్పుడు దానివెనుక తన కాలపు సంఘటన నొకదానిని దాచియుండుననియు, రెండింటిని విప్పిననే పద్యము తెలియుననియు ఆయన పద్ధతి. మన ఆలంకారికులు ధ్వని యన్నదానిని ఆయన చరిత్రపరిశోధనకు దీపముగా పట్టెను.

1949లో ఆయన తైవానుకు పోక గువాంగ్‌జౌ నగరముననే నిలిచెను. 1953లో బీజింగ్ నందలి విజ్ఞానపరిషత్తు మధ్యయుగ చరిత్రశాఖకు అధ్యక్షుడుగా రమ్మని పిలిచెను. ఆ పిలుపును తెచ్చినవాడు ఆయన పూర్వశిష్యుడే. తన సంస్థలో మార్క్సు, లెనిన్ సిద్ధాంతములను అనుసరించు నిర్బంధము, రాజకీయ పాఠములు ఉండరాదనియు, దానికి దేశపు అత్యున్నత నాయకులే అనుమతిపత్రము ఇయ్యవలెననియు యిన్‌కో నియమము పెట్టెను. వాంగ్ గువోవెయ్ శిలపై వ్రాసిన మాటనుండి తాను కదలలేదని తెలియజేసెను. అట్టి కాలమున అట్టి నియమము పెట్టుటయే నిరాకరణము.

గువాంగ్‌జౌలో ఆయన ఇంటి వసారాయే తరగతి గది. చూపు మసకగా వెలుగును మాత్రము గుర్తించుటచే, ఆయన నడచుటకు ఇంటిముందు తెల్లని బాట వేయించిరి. హువాంగ్ షువాన్ అను సహాయకురాలు చదువగా వినుచు, ఏ విషయము ఏ గ్రంథమున నున్నదో జ్ఞప్తినుండి చెప్పి వెదకించుచు, వాక్యము వాక్యముగా వ్రాయించెను. 1958లో తనపై విమర్శలు చెలరేగగా బోధన మానెను, రచన మానలేదు. 1962లో జారిపడి కాలు విరిగెను, అప్పుడును మానలేదు.

అట్లు వ్రాయించిన రెండు కృతులును స్త్రీలను గూర్చినవి. పదునెనిమిదవ శతాబ్దపు చెన్ దువాన్‌షెంగ్ అను రచయిత్రి పురుషవేషముతో మంత్రిపదవి నధిష్ఠించిన వనిత కథను దీర్ఘమైన గేయకావ్యముగా వ్రాసి అసంపూర్తిగా విడిచెను. పండితులు చులకన చేసిన ఆ జానపద ఫణితిని భారత, గ్రీకు మహాకావ్యముల సరసన నిలిపి యిన్‌కో 1954లో పరిశీలించెను. తరువాత పదేండ్లు ఆయన శ్రమ లియు రూషీ చరితమునకు అంకితమయ్యెను. ఆమె 1618లో జన్మించిన వేశ్య, కవయిత్రి. మహాపండితుడగు చియెన్ చియెన్‌యీని వరించెను. 1645లో భర్త మంచూలకు లొంగిపోయెను. ఆమె పడిపోయిన మింగ్ రాజ్యము పక్షముననే నిలిచి, ప్రతిఘటించు వీరులకు తోడ్పడెను. 1664లో భర్త మరణింపగా బంధువులు ఆస్తికై వేధించుటచే ఉరి వేసికొనెను. గెలిచినవారు వ్రాసిన చరిత్రలో ఆమెకు చోటు లేదు. ఆమె పద్యములు, మిత్రుల పద్యములు మాత్రము సాక్షులు. వానిని ఒక్కొక్కటిగా విప్పి, ఎనిమిది లక్షల అక్షరములకు మించిన గ్రంథమును ఆయన 1964లో ముగించెను. ఒక వేశ్యకొరకు ఇంత శ్రమయా యని ఆక్షేపించినవారు కలరు. కాని మగవారు తలవంచిన వేళ తలయెత్తి నిలిచిన ఆ స్త్రీయందు ఆయనకు కనబడినది వాంగ్ గువోవెయ్ శిలపై తాను వ్రాసిన గుణమే.

1966లో సాంస్కృతిక విప్లవము చెలరేగినది. ఆయన జీతమును స్తంభింపజేసిరి, వ్రాతలను ఎత్తుకొనిపోయిరి, నిందల నరచు ధ్వనివర్ధకములను ఆ అంధుని ఇంటిచుట్టు కట్టిరి. 1969 అక్టోబరు 7న ఆయన మరణించెను. చూపు పోయిననాటినుండి చేయి విడువని భార్య తాంగ్ యున్ నలుబదియైదు దినములకు ఆయనను అనుసరించెను.

1964లోనే ఆయన తన రచనల సంపాదన భారమును శిష్యుడగు జియాంగ్ తియాన్‌షునకు అప్పగించియుండెను. ఆ శిష్యుని శ్రమచే లియు రూషీ చరితము 1980లో వెలుగు చూచినది. 2003లో ఆ దంపతుల అస్థికలను లూషాన్ పర్వతముపై నిక్షేపించిరి. మిత్రుని సమాధిశిలకై 1929లో తాను కూర్చిన మాటలనే అచ్చట ఆయన శిలపై చెక్కిరి. బలవంతులు వ్రాయించిన చరిత్రకు ఎదురుగా ఓడిపోయినవారి పద్యములను సాక్ష్యముగా నిలిపిన పండితునికి తన మాటయే తన జీవితమునకు సాక్ష్యమైనది.