ఆకాశపు రైలు నడిపిన ఫ్రెడ్డీ లేకర్

లండన్ నుండి న్యూయార్కునకు సుమారు 5,500 కిలోమీటర్ల దూరము. రెండవ ప్రపంచ యుద్ధానంతరము విమానములు ఈ దూరమును కొన్ని గంటలలో దాటసాగినను, సామాన్యునకు ఆ ప్రయాణము చాలకాలము అందని మ్రాని పండుగానే యుండెను. పెద్ద విమాన సంస్థలు కూడబలుకుకొని ఛార్జీలను నిర్ణయించుకొనుట, ప్రభుత్వములు వానిని ఆమోదించుట ఆనాటి ఆచారము. ఆ ఆచారమును ఎదిరించి, కూలివాడును విద్యార్థియు గూడ సముద్రము దాటగలుగవలెనని పట్టుపట్టిన వాడు ఫ్రెడ్డీ లేకర్. ఆయన గెలుపును ఓటమియు రెండును పాఠములే.

ఫ్రెడరిక్ ఆల్‌ఫ్రెడ్ లేకర్ 1922వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన ఇంగ్లండులోని కాంటర్‌బరీ పట్టణమున జన్మించెను. అతడు పసివాడుగా నుండగనే తండ్రి కుటుంబమును విడిచిపోయెను. తల్లియే కష్టించి పెంచెను. విమానములపై మక్కువతో అతడు 16వ ఏటనే రోచెస్టరులోని షార్ట్ బ్రదర్స్ విమాన కర్మాగారమున చిన్న పనిలో చేరెను. యుద్ధకాలమున, కర్మాగారముల నుండి సైనిక స్థావరములకు విమానములను చేరవేయు సేవాదళములో ఇంజనీరుగా పనిచేసెను. విమానపు ప్రతి మరయు అతని చేతులకు పరిచితమయ్యెను.

యుద్ధము ముగిసిన పిమ్మట, ఎవరికిని అక్కరలేని పాత విమానములు, విడిభాగములు చౌకగా అమ్ముడుపోవుచుండెను. లేకర్ 1947లో ఏవియేషన్ ట్రేడర్స్ అను సంస్థను స్థాపించి వాని వ్యాపారము ప్రారంభించెను. ఒక మిత్రుని అప్పుతో బ్రిటిష్ ప్రభుత్వ విమాన సంస్థ నుండి 12 హాల్టన్ విమానములను కొనెను. అదృష్టవశమున 1948 జూన్‌లో సోవియట్ అధికారులు పశ్చిమ బెర్లిన్ నగరమునకు భూమార్గములను మూసివేసిరి. 20 లక్షలకు పైబడిన జనులకు తిండియు, బొగ్గును ఆకాశమార్గముననే చేర్చవలసి వచ్చెను. నిన్నటి వరకు తుక్కనిపించిన విమానములకు ఒక్కసారిగా గిరాకీ కలిగెను. నిర్బంధము తొలగి, ఆ పని ముగిసిన తరువాత లేకర్ పాత విమానములను కరగించి అల్యూమినియముగా అమ్మెను.

ప్రతి ప్రయత్నమును ఫలించలేదు. అకౌంటెంట్ అను పేర స్వయముగా ఒక కొత్త విమానమును నిర్మింపజేసి 1957లో ఎగురవేసెను. కొనువారు లేకపోవుటచే అది ఒక్కటితోనే ఆగిపోయెను. అయినను అతడు వెనుదీయలేదు. డీసీ-4 విమానపు ముక్కుభాగమును మార్చి, 5 కార్లను ప్రయాణికులతో సహా మోయగల కార్వేర్ విమానమును రూపొందింపజేసెను. 1961లో మొదట ఎగిరిన ఈ రకమునవి 21 తయారయ్యెను. 1960లో బ్రిటిష్ యునైటెడ్ ఎయిర్‌వేస్ సంస్థకు మేనేజింగు డైరెక్టరై, 5 ఏండ్లకు అందుండి వైదొలగి, 1966లో తన పేరిటనే లేకర్ ఎయిర్‌వేస్ సంస్థను నెలకొల్పెను.

ఆ దినములలో అట్లాంటిక్ మీదుగా తక్కువ ధరకు పోవుటకు ఒక దొడ్డిదారి మాత్రము కలదు. ఏదైన సంఘములో కనీసము 6 నెలల సభ్యత్వము గలవారు కలసి ఒక విమానమును మొత్తముగా అద్దెకు తీసికొనవచ్చును. ఈ నిబంధన వలన జనులు ప్రయాణము కొరకే పేరుకు సంఘములు పెట్టుకొనుచుండిరి. అబద్ధమాడనిదే చౌక ప్రయాణము లేని ఈ పద్ధతి లేకరునకు రోత పుట్టించెను. అతడు 1971లో స్కైట్రెయిన్, అనగా ఆకాశపు రైలు, నడుపుటకు అనుమతి కోరెను. రైలుబండికి వలెనే ముందుగా సీటు రిజర్వు చేసుకొను పని లేదు. ప్రయాణపు దినముననే వచ్చి, వరుసలో నిలిచి టిక్కెట్టు కొనవలెను. భోజనము కావలసినవారు దానికి వేరుగా సొమ్ము చెల్లింపవలెను.

1972లో బ్రిటన్‌లో లైసెన్సు లభించెను. కాని అమెరికా అనుమతి రాలేదు. ఇల్లు అలుకగనే పండుగ కాదన్నట్లు, 1975లో స్వదేశ ప్రభుత్వమే మనసు మార్చుకొని, ప్రభుత్వ విమాన సంస్థకు నష్టము కలుగునని ఈ పథకమును నిలిపివేసెను. లేకర్ న్యాయస్థానము నాశ్రయించెను. పార్లమెంటు చేసిన చట్టమునకు విరుద్ధమైన సూచనలిచ్చి మంత్రి లైసెన్సును నిరర్థకము చేయజాలడని హైకోర్టు నిర్ణయించెను. 1976 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. మరుసటి ఏట అమెరికా అధ్యక్షుడు కార్టరు అంగీకరించెను. 1977 సెప్టెంబరు 26వ తేదీన, 345 సీట్ల డీసీ-10 విమానము లండన్ చేరువనున్న గాట్విక్ నుండి న్యూయార్కునకు బయలుదేరెను. ఒకవైపు ఛార్జీ 59 పౌండ్లు. 6 ఏండ్ల పోరాటమునకు అది ఫలము.

జనులు వరుసలు కట్టిరి. అంతకు ముందు విమానమెక్కుటయే ఎరుగని కుటుంబములు సముద్రమునకు ఆవలనున్న బంధువులను చూచి వచ్చినవి. 1978లో రాణి ఎలిజబెత్ లేకరునకు సర్ బిరుదము నొసగెను. ఆ యేడే లాస్ ఏంజెలిస్‌కు, 1980లో మయామీకి సర్వీసులు ఆరంభమయ్యెను.

అయితే విజయములోనే ముప్పు పొంచియుండెను. చిన్న దూరములలో చౌక సంస్థ ఒకే విమానమును దినమునకు అనేక పర్యాయములు తిప్పి లాభము గడింపగలదు. అట్లాంటిక్ మీద ఆ వీలు లేదు. పోయి వచ్చుటకే ఇంచుమించు ఒక దినము పట్టును. ఖర్చులో పెద్ద పాలు ఇంధనమునది. దానిని పెద్ద సంస్థయైనను చిన్న సంస్థయైనను ఒకే తీరున కొనవలెను. వేసవిలో సీట్లు చాలవు, శీతకాలమున నిండవు. పెద్ద సంస్థలు మొదటి తరగతి ప్రయాణికుల నుండియు, ఇతర మార్గముల నుండియు వచ్చు రాబడితో ఒక మార్గపు నష్టమును పూడ్చుకొనగలవు. లేకరునకు ఆ అండ లేదు.

అట్టి స్థితిలో దెబ్బలు వెంట వెంట తగిలెను. 1979 మే 25వ తేదీన షికాగోలో వేరొక సంస్థకు చెందిన డీసీ-10 కూలి 273 మంది మరణించిరి. ఆ రకపు విమానములన్నిటిని కొన్ని వారములు నేలపై నిలిపివేసిరి. వేసవి రాబడి పోయెను. ఇరాను విప్లవముతో చమురు ధర పెరిగెను. కొత్త విమానముల కొరకు లేకర్ డాలర్లలో అప్పు చేసెను. రాబడిలో అధిక భాగము పౌండ్లలో నుండెను. 1980లో పౌండు విలువ 2 డాలర్ల 40 సెంట్ల దరిదాపున నుండగా, 1981 వేసవికి సుమారు 1 డాలరు 80 సెంట్లకు పడిపోయెను. ముందు 100 డాలర్ల వాయిదాకు 42 పౌండ్లు చాలియుండగా, తరువాత 55 పౌండ్లకు మించి కావలసి వచ్చెను. అప్పుడే పెద్ద సంస్థలు తమ ఛార్జీలను లేకర్ ఛార్జీలకు సమానముగా దింపినవి. ధర ఒకటే అయినప్పుడు, భోజనమును రిజర్వేషనును గల విమానమునే జనులు ఎన్నుకొనుట సహజము.

1982 ఫిబ్రవరి 5వ తేదీన లేకర్ ఎయిర్‌వేస్ మూతపడెను. అప్పులు ఇంచుమించు 25 కోట్ల పౌండ్లు. దివాలా తీసిన వ్యాపారిని లోకము దూషించుట పరిపాటి. ఇక్కడ అట్లు జరుగలేదు. సంస్థను నిలబెట్టుటకు సామాన్యులు తమ శక్తికొలది విరాళములు పంపిరి. అది సంస్థను కాపాడలేకపోయెను. కాని 59 పౌండ్ల టిక్కెట్టు జనుల హృదయములలో ఎంత చోటు సంపాదించెనో తెలిపెను.

పెద్ద సంస్థలు కుట్రపన్ని లేకరును కూల్చినవని లిక్విడేటరు అమెరికాలో దావా వేసెను. ఆ సంస్థలు ఆరోపణ నంగీకరింపలేదు. 1985లో రాజీ కుదిరి, అప్పులవారికి కొంత సొమ్ము దక్కెను. లేకరునకు గూడ 80 లక్షల డాలర్లు ముట్టెను. తరువాత అతడు బహామాస్ దీవుల కేంద్రముగా మరల విమానములు నడిపెను. 1996లో మరియొకసారి అట్లాంటిక్ మార్గమున అడుగిడినను, 2 ఏండ్లకే విరమింపవలసి వచ్చెను. 2006 ఫిబ్రవరి 9వ తేదీన అమెరికాలోని ఫ్లోరిడాలో, 83వ ఏట మరణించెను.

అతని మార్గమున మరికొందరు నడచిరి. 1984లో ఆరంభమైన వర్జిన్ అట్లాంటిక్ చౌక సీట్లతో పాటు ఎక్కువ ధర చెల్లించువారికి ప్రత్యేక తరగతిని ఏర్పరచి నిలద్రొక్కుకొనెను. తన విమానములలో ఒకదానికి లేకర్ పేరు పెట్టి గౌరవించెను. తక్కువ ఇంధనముతో ఎగురు కొత్త విమానములను నమ్ముకొని 2013లో దూరమార్గములకు దిగిన నార్వీజియన్ సంస్థ, 2021 జనవరిలో ఆ సర్వీసులను విరమించెను. 2019 మార్చిలో ఐస్లాండుకు చెందిన వావ్ సంస్థ మూతపడెను. చౌక ధర ఒక్కటే ఆ మహాసముద్రమును దాటింపజాలదని ఇన్ని అనుభవములు చెప్పుచున్నవి.

అయినను లేకర్ శ్రమ వ్యర్థము కాలేదు. అతని సంస్థ మునిగెనేగాని, సామాన్యుడు విమానమెక్కుట వింత అను భావము గూడ దానితోనే మునిగెను. అతనిని ఓడించుటకై ఛార్జీలు దింపిన సంస్థలు సైతము చౌక సీట్లు అమ్మక తప్పలేదు. వ్యాపారిగా లేకర్ లెక్క తప్పెను. సామాన్యుడు అవకాశము దొరికినచో సముద్రము దాటునని అతడు వేసిన లెక్క మాత్రము తప్పలేదు.