అమృతాంజనమునుండి ఆంధ్రగ్రంథమాల వరకు
(దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితము)

వర్తకమునకు మూలధనము రెండు తెరగులు. ఒకటి పెట్టెలోని పైకము. రెండవది జనుల నమ్మకము. పైకము చాలనిచో అప్పు తెచ్చుకొనవచ్చును. నమ్మకము అప్పు దొరకదు. దానిని దినదినము కూడబెట్టుకొనవలసినదే. ఈ రెండవ మూలధనముతో అంగడి తెరచి, అందువలన వచ్చిన లాభమును తెలుగు పత్రికకును, తెలుగు పుస్తకమునకును, దేశసేవకును వ్యయపెట్టిన మహనీయుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. తలనొప్పి వచ్చినప్పుడు అమృతాంజనము రాచుకొననివారు తెలుగునాట అరుదు. కాని ఆ పసుపుపచ్చని మందు సీసాకును, గ్రంథాలయములోని పుస్తకాల బీరువాకును గల చుట్టరికమును ఎరిగినవారు కొలదిమందియే. ఆ చుట్టరికమే పంతులుగారి జీవితకథ.

బాల్యము, విద్య

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణా మండలమున జన్మించిరి. వారిది ఎలకుర్రు గ్రామము. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. బందరులో చదివి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులైరి. కందుకూరి వీరేశలింగం పంతులుగారి రచనలు చదివిన ఆ తరమువారికి, పత్రిక యనునది కాలక్షేపమునకు గాక జనుల మేలుకొల్పుటకు ఉన్నదను భావము బలముగ నాటుకొనెను. నాగేశ్వరరావుగారికిని అట్లే నాటుకొనెను. అది మొలకెత్తుటకు మరి పదునేడేండ్లు పట్టెను.

ఆ దినములలో పట్టపరీక్ష నెగ్గిన తెలుగు బ్రాహ్మణ యువకునకు ఎదుట నున్న దారులు రెండే: దొరతనమువారి కొలువు, లేదా న్యాయవాద వృత్తి. నెల తిరుగగనే జీతము వచ్చు కొలువును విడిచి, లాభమో నష్టమో తెలియని వర్తకమునకు దిగుట బంధువులు మెచ్చు కార్యము గాదు. పంతులుగారు ఆ రెండు దారులను విడిచి మూడవదానిని పట్టిరి. మొదట మద్రాసులో కొలదికాలము వ్యాపారము చేసి, పిదప కలకత్తాకు పోయి ఒక మందుల అంగడిలో పనిచేసి, ఔషధములు కూర్చు పద్ధతిని నేర్చుకొనిరి. అటనుండి బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీ యను ఐరోపీయుల వర్తకశాలలో కుదురుకొని, క్రమముగ పైకి వచ్చిరి. సరకు కొనుట, నిలువ చూచుకొనుట, లెక్క సరిచూచుట, వచ్చినవానితో మాటలాడుట, ఇవన్నియు వారు ఒకరి అంగడిలో నేర్చి, తరువాతనే తమ అంగడిని తెరచిరి. చేతిలో పని లేక వర్తకమునకు దిగుట వేరు, పని నేర్చి దిగుట వేరు.

అమృతాంజనము

1893లో, తమ ఇరువదియారవ యేట, పంతులుగారు బొంబాయిలో అమృతాంజనమును తయారుచేసి అమ్మకమునకు పెట్టిరి. కర్పూరము, పుదీనా పువ్వు మొదలగు ఘాటైన ద్రవ్యములు గల పైపూత మందది. తలనొప్పికిని, ఒంటినొప్పులకును, జలుబునకును రాచుకొనవచ్చును. వైద్యుని పిలువనక్కరలేదు, పథ్యము లేదు, అనుపానము లేదు. ఇంట నొక సీసా యున్న చాలును.

మందు మంచిదగుట ఒక యెత్తు. అది మంచిదని లోకమునకు తెలియుట మరియొక యెత్తు. బియ్యమును పిడికిట బట్టి చూచి కొనవచ్చును. వంకాయను గిల్లి చూడవచ్చును. సీసాలోని మందును కంటితో చూచి దాని గుణమును ఎవరును చెప్పజాలరు. పైగా దాని వెల పది అణాలు, అనగా రూపాయికి ఆరణాలు తక్కువ. ఆ కాలమున కూలిపని చేసికొనువానికి పది అణాలు స్వల్పము గాదు. ఎవరో తెలియని తెలుగువాడు, ఏమో తెలియని మందు, వెల పది అణాలు! ఎవరు కొనవలెను?

ఈ చిక్కును పంతులుగారు విడదీసిన తీరు సులభము. సంగీత సభలకు వచ్చినవారికి ఆ మందును కొంచెము కొంచెముగ ఊరకయే పంచిపెట్టించిరి. సంగీత సభకు వచ్చువారు నలుగురితో మాటలాడువారు. ఒక్కచోట చాలసేపు కూర్చుండువారు. కణతలకు రాచుకొన్న మందు చల్లగ తగిలి, పిదప వెచ్చబడి, నొప్పిని తగ్గించుట అక్కడికక్కడ తెలిసిపోవును. సభనుండి ఇంటికి మరలినవాడు ఇరుగుపొరుగువారికి చెప్పును. అడుగకయే చెప్పిన ఆ మాటకు గల విలువ, అంగడివాడు తన సరకును గూర్చి తాను చెప్పుకొన్న మాటకు లేదు. తొలుత ఇచ్చుట, పిమ్మట పుచ్చుకొనుట అను క్రమమే అమృతాంజనమును దేశము నాలుగు చెరగులకును కొనిపోయెను.

అయితే ఊరక పంచుట ఎవరైన చేయగల పనియే. పంచిన దానికిని అమ్మిన దానికిని భేదము లేకుండుట కష్టము. రుచి చూపునప్పుడు మేలిసరకు, తూచి యిచ్చునప్పుడు నాసిసరకు పెట్టు వర్తకుడు ఒకసారి అమ్మగలడు గాని రెండవసారి అమ్మజాలడు. తలనొప్పి మందునకు లాభము రెండవ సీసాలో నున్నది. మూడవ సీసాలో నున్నది. తల్లి వాడిన మందును కూతురు అత్తవారింటికి కొనిపోవుటలో నున్నది. పంతులుగారి అంగడి నిలిచినది ఈ రెండవ సీసా మీదనే. వారు లక్షాధికారులైరి.

ఆంధ్రపత్రిక

లక్షలు వచ్చినపుడే మనుష్యుని గుణము బయటపడును. బొంబాయిలో మేడలు కట్టుకొని, వడ్డీలు లెక్కించుకొనుచు కాలము గడపుటకు పంతులుగారికి అడ్డు లేదు. కాని కూలినాలికిని, నేతపనికిని, రాతిపనికిని వలసవచ్చిన తెలుగువారెందరో ఆ నగరమున నుండిరి. వారికి తమ భాషలో దేశవార్తలు చెప్పువారు లేరు. 1905 తరువాత స్వదేశోద్యమము దేశమంతట వ్యాపించెను. 1907లో సూరతున జరిగిన కాంగ్రెసు మహాసభకు పోయి వచ్చిన పిదప, తెలుగువారికొక బలమైన పత్రిక యుండవలెనను తలంపు పంతులుగారిలో దృఢపడెను. 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగ వెలువరించిరి. తెలుగుదేశమునకు ఇంత దూరమున, అచ్చు కూర్చువారు దొరకుటయే కష్టమైన చోట, తెలుగు పత్రిక నడుపుట మందు అమ్ముటవంటిది గాదు. మందునకు నొప్పియే గిరాకి తెచ్చును. పత్రికకు గిరాకిని పత్రికయే కల్పించుకొనవలెను.

1914లో వారు మరియొక పెద్ద మార్పునకు సిద్ధపడిరి. అప్పటికి వయస్సు నలుబదియేడు సమీపించెను. ఇరువదియొక్క సంవత్సరములు వేళ్లూనిన బొంబాయిని విడిచి మద్రాసునకు తరలిరి. ఆ యేడు ఏప్రిలు 1వ తేదీన ఆంధ్రపత్రిక దినపత్రికగ మద్రాసునుండి వెలువడెను. నాలుగు నెలలు తిరుగకముందే ఐరోపాలో మహాయుద్ధము ప్రారంభమయ్యెను. యుద్ధవార్తలకై జనులు పత్రిక కొరకు ఎదురుచూచిరి.

ఆ యేప్రిలు నెలకు గ్రంథాలయముల చరిత్రలోను ముఖ్యస్థానము కలదు. దినపత్రిక పుట్టిన తొమ్మిది దినములకు, అనగా ఏప్రిలు 10వ తేదీన, బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము అప్పుడే వెలసెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు దానికి ప్రాణము పోసిరి. ఇది కాకతాళీయమే కావచ్చును. కాని పత్రికయు గ్రంథాలయమును అన్నదమ్ములవలె పెరిగినవి. పల్లెలో ఇంటింట పత్రిక కొనుట కుదరని దినములవి. గ్రంథాలయమునకు వచ్చిన ఒక్క ప్రతిని చదువు వచ్చినవాడు చదువగ, పదిమంది చుట్టుచేరి వినిరి. వెల యిచ్చినది ఒక్కరు, ఫలము పొందినది ఊరంతయు. ఇదియు నొక విధమున ఊరక పంచుటయే.

పుస్తకముల వ్యాపారము

1924 జనవరిలో భారతి యను సాహిత్య మాసపత్రిక ఆరంభమయ్యెను. పండితులు శాసనములను, ప్రాచీన కావ్యములను, చరిత్రను గూర్చి వ్రాసిన వ్యాసములును, కొత్త కవుల రచనలును, కథలును అందు ఒక్క అట్టక్రింద చోటుచేసికొనెను. 1926లో ఆంధ్రగ్రంథమాల వెలసెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరింపగ ఆ మాలలో ప్రకటించిరి. తాళపత్రములలో నలుగుచుండిన కృతులు అచ్చుకెక్కి, సామాన్యుడు కొనగల వెలకు వచ్చెను. ఊరి గ్రంథాలయములకు ఇట్టి పుస్తకములు చేరుటకు వారు చేసిన సాయము మెండు.

కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును మూడు సంపుటములవరకు నడిపి 1923లో పరమపదించిరి. తలపెట్టినవాడు పోయిన పనిని మరల తలకెత్తుకొనుట, అప్పుతో సహా ఆస్తిని స్వీకరించుటవంటిది. పంతులుగారు దానిని స్వీకరించిరి. ఆ మహాకార్యము వారి జీవితకాలమున పూర్తికాలేదు. అయినను లక్ష్మణరావుగారి శ్రమ మరుగునపడకుండ కాపాడిన కీర్తి వారిదే.

లెక్కలు వ్రాయువాడు ఇచ్చట కలము నిలిపి ఆలోచింపవలసి యుండును. ఒక అంగడిలో లాభము, మరియొక అంగడిలో నష్టము. మొదటిదాని లాభమును తెచ్చి రెండవదాని నష్టమునకు పూడ్చుట వర్తకనీతికి ఒప్పునా? పత్రికకును, గ్రంథములకును అండగా నిలిచినది అమృతాంజనపు రాబడియే. చందా పంపనివానికిని పత్రిక పోవుచుండెను. అమ్ముడుపోని గ్రంథమును అచ్చుపడుచుండెను. కేవలము పద్దుల చిట్టా చూచువాడు దీనిని అవివేకమనును. కాని పంతులుగారు ఆ మందును ఏ పనికై యమ్మిరో తెలిసికొన్నచో చిట్టా తారుమారగును. అమృతాంజనము వారికి సాధనము. తెలుగువాని జ్ఞానము సాధ్యము. సాధనము చెడకుండ చూచుకొనుటలో వారు ఎంత జాగరూకులో, సాధ్యమునకు వ్యయపెట్టుటలో అంత ఉదారులు. మందు తయారీలో కొరత చేసి పత్రికకు పెట్టలేదు. పత్రికకు నష్టము వచ్చెనని మందు వ్యాపారమును పాడుచేయలేదు. ఆవును మేపి పాలు పిదికిరి. పాలకొరకు ఆవును కోయలేదు.

దేశసేవ, అంత్యకాలము

పంతులుగారు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు పలుమారులు అధ్యక్షులుగ నుండిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని కారాగారమునకు పోయిరి. వ్యాపారము గలవాడు చెరసాలకు పోవుట జీతగాడు పోవుటవంటిది గాదు. యజమాని లేని అంగడిపై ఋణదాతల కన్నును, పోటీదారుల కన్నును పడును. అరువది దాటిన వయస్సున ఆ భయమును లెక్కసేయక పోయి, చెరలో భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసిరి. 1935లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుద మిచ్చెను. ప్రజలు అంతకుముందే దేశోద్ధారకుడనియు, విశ్వదాత యనియు పిలుచుచుండిరి.

1936లో అమృతాంజనము లిమిటెడ్ కంపెనీగ ఏర్పడెను. ఒక్కని ఊపిరితో నడచు అంగడి ఆ ఊపిరితోనే ఆగును. కట్టుబాటుతో నడచు సంస్థ తరువాతివారి చేతికి అందును. మరుసటి యేడు నవంబరు 16వ తేదీన, కోస్తా జిల్లాల నాయకులును రాయలసీమ నాయకులును మద్రాసులోని వారి గృహమైన శ్రీబాగున కూడి ఒక ఒడంబడికకు వచ్చిరి. శ్రీబాగు ఒడంబడికయని చరిత్రకెక్కినది అదియే. పరస్పరము శంకించుచున్న సోదరులు మాటలాడుకొనుటకు ఇరుపక్షములవారును నమ్మిన యిల్లొకటి కావలెను. అట్టి యిల్లు పంతులుగారిదే యయ్యెను. పది అణాల సీసాతో ఆరంభమైన నమ్మకము అంతదూరము పోయెను.

1938 ఏప్రిలు 11వ తేదీన, డెబ్బదియొకటవ యేట, పంతులుగారు కీర్తిశేషులైరి. వారి అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికను, భారతిని, అమృతాంజనమును నడిపిరి. ఆంధ్రపత్రిక 1991వరకు తెలుగువారికి వార్తలందించెను. మందు నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. మద్రాసు మైలాపూరులో లజ్ ప్రాంతపు ఉద్యానవనము ఒకటి వారి పేరిట నున్నది.

గ్రంథాలయమునకు గూడ మూలధనము రెండు తెరగులే. చందాదారులిచ్చు పైకమొకటి, తీసికొనిపోయిన పుస్తకమును చింపక, దాచుకొనక, గడువునకు మరల తెచ్చి యిత్తురను నమ్మకమొకటి. రెండవది యున్నంతకాలము మొదటిది ఏదో విధమున సమకూడును. పంతులుగారు తొలుత ఇచ్చి పిమ్మట పుచ్చుకొనిరి; పుచ్చుకొన్నదానిని మరల ఇచ్చివేసిరి. అట్లిచ్చిన దానిలో కొంత, అట్ట నలిగి అంచులు పసుపెక్కి, ఊరూర పుస్తకాల బీరువాలలో నేటికిని నిలిచియున్నది. దుమ్ము దులిపి తెరచి చదువుటయే ఆ ఋణము తీర్చుకొను మార్గము.