ద్విచక్ర వాహన పితామహుడు కార్ల్ డ్రైస్

సైకిలు చరిత్ర చెప్పుకొనేటప్పుడు మనము ముందుగా స్మరించవలసిన వ్యక్తి జర్మనీ దేశీయుడైన కార్ల్ డ్రైస్. ఆయన నిర్మించిన వాహనానికి పెడల్ లేదు, గొలుసు లేదు, రబ్బరు టైరు లేదు. అయినను, ఒకదాని వెనుక ఒకటిగా అమర్చిన రెండు చక్రాలపై మానవుడు పడిపోకుండా ప్రయాణించగలడని నిరూపించినది ఆయనే. ఇంతటి ఉపకారికి ఆయన కాలం ఏమి ప్రతిఫలమిచ్చినదో విద్యార్థులు తెలుసుకొనుట అవసరమని మేము భావిస్తున్నాము.

డ్రైస్ 1785 ఏప్రిల్ 29న బాడెన్ రాజ్యపు రాజధాని కార్ల్స్‌రూహెలో ఉన్నత వంశమున జన్మించారు. తండ్రి పేరుగాంచిన న్యాయాధికారి. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదివిన పిదప డ్రైస్ అటవీశాఖలో అధికారి అయినారు. కాని ఆయన మనస్సు యంత్రాలపైననే లగ్నమై ఉండేది. ప్రభుత్వం ఆ ప్రతిభను గుర్తించి, జీతం ఆపకుండానే ఆయనను విధుల నుండి విముక్తుని చేసింది. 1813లో గుర్రం లేకుండా మనుష్యబలంతో నడిచే నాలుగు చక్రాల బండిని తయారుచేశారు. దానికి ఆదరణ లభించలేదు.

1815లో ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలై, దాని ధూళి ఆకాశమంతటా వ్యాపించుటచే 1816లో ఐరోపాలో వేసవియే రాలేదు. పంటలు నశించాయి, గుర్రాల దాణా ధర మిన్నంటింది. డ్రైస్ నూతన యత్నానికి ఇదియే ప్రేరణ అని కొందరు చరిత్రకారుల ఊహ. ఏమైనను, 1817 జూన్ 12న ఆయన మాన్‌హైమ్ నగరం నుండి ష్వెట్‌జింగెన్ బాటలో బయలుదేరి, సుమారు ఏడు కిలోమీటర్లు వెళ్ళి, తిరిగి వచ్చారు. ఆ ప్రయాణమంతటికీ గంటసేపు కూడా పట్టలేదు. కొయ్యతో చేసిన ఆ వాహనం బరువు ఇరవై కిలోలకు పైచిలుకు. నడిపేవాడు దానిపై కూర్చుండి పాదాలతో నేలను వెనుకకు తన్నవలెను. వాహనం ఏ ప్రక్కకు ఒరిగితే ముందు చక్రాన్ని ఆ ప్రక్కకే త్రిప్పవలెను. నేటి సైకిలు నిలబడుటకు కూడా ఆధారం ఈ సూత్రమే.

1818 జనవరిలో బాడెన్ ప్రభువు ఆయనకు పదేండ్ల ప్రత్యేక హక్కును, యంత్రశాస్త్రాచార్య బిరుదును ఇచ్చారు. కాని ఆ హక్కు బాడెన్ సరిహద్దు దాటలేదు. లండన్‌లో డెనిస్ జాన్సన్ అనే బండ్ల తయారీదారు అటువంటి వాహనానికే తన పేర పేటెంటు పొందాడు. బాటలు గతుకులమయమగుటచే నడిపేవారు కాలిబాటల మీదికి ఎక్కసాగారు. అందువలన పలు నగరాలలో దీనిని నిషేధించారు. మన కలకత్తాలో సైతం నిషేధం విధించబడినది.

అంతలో మరొక ఆపద వచ్చిపడింది. 1819లో కార్ల్ సాండ్ అనే విద్యార్థి నాటకకర్త కోట్‌జెబూను మాన్‌హైమ్‌లో హత్య చేయగా, మరుసటి సంవత్సరం అతనికి మరణశిక్ష అమలైంది. డ్రైస్ తండ్రి ఆనాడు బాడెన్ ఉన్నత న్యాయమూర్తి. సాండ్ అభిమానుల ఆగ్రహం కుమారునిపై కూడా పడింది. 1822లో డ్రైస్ బ్రెజిల్ వెళ్ళి, భూమి కొలతల పనిచేసి, 1827లో తిరిగి వచ్చారు. అక్షరాల మీటలతో వ్రాసే యంత్రాన్ని కూడా ఆయన రూపొందించారు.

1849లో బాడెన్‌లో ప్రజా విప్లవం వచ్చినప్పుడు డ్రైస్ తన వంశపు బిరుదును బహిరంగంగా త్యజించి, ఇకపై తాను సామాన్య పౌరుడనని ప్రకటించారు. ప్రష్యా సైన్యం విప్లవాన్ని అణచివేసిన పిమ్మట, ఆయనకు మతి చలించినదని ముద్రవేయుటకు యత్నాలు జరిగాయి. విప్లవ వ్యయం క్రింద ఆయన భరణాన్ని జప్తు చేశారు. 1851 డిసెంబరు 10న, 66వ ఏట, కార్ల్స్‌రూహెలో నిరుపేదగా కన్నుమూశారు.

1860 దశకంలో పారిస్‌లో ముందు చక్రానికి పెడల్ అమరింది. 1885 నాటికి ఇంగ్లాండులో గొలుసుతో వెనుక చక్రాన్ని త్రిప్పే సైకిలు వచ్చింది. 1893లో జర్మనీ సైకిలు సంఘాలవారు కార్ల్స్‌రూహెలో డ్రైస్‌కు స్మారకం నిలిపారు. అప్పటికి ఆయన గతించి నలువది ఏండ్లు దాటినవి.

బిరుదును వదులుకొనకుండిన ఆయనకు భరణం మిగిలి ఉండేదేమో. తాను నమ్మిన సమానత్వం కొరకు ఆయన దానిని కూడా పోగొట్టుకొన్నారు. గుర్రం కొనలేని పేదవానికి వాహనమై నిలిచిన సైకిలుకు ఆద్యుడు ఇట్టివాడు అని మన విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక.