సంకీర్తనకు శాస్త్రం కూర్చిన అన్నమయ్య

తెలుగులో పదకవితకు ప్రతిష్ఠ కలిగించిన మహనీయుడు తాళ్లపాక అన్నమాచార్యులు. ఆయన కడప సీమలో, రాజంపేట సమీపాన గల తాళ్లపాక గ్రామంలో 1408వ సంవత్సరంలో జన్మించారు. తల్లిదండ్రులు లక్కమాంబ, నారాయణసూరి. బాల్యంలోనే ఇల్లు విడిచి తిరుమల కొండ ఎక్కిన అన్నమయ్య, తన పదహారవ ఏట, 1424లో, సంకీర్తన రచనకు శ్రీకారం చుట్టారు. 1503లో పరమపదించే వరకు ఆ గానయజ్ఞం అవిచ్ఛిన్నంగా సాగింది. తిరుమలేశునితోపాటు దేవుని కడపలో వెలసిన స్వామిని కూడా ఆయన కీర్తించారు.

సాళువ నరసింహరాయలు ఆయన కవితకు ముగ్ధుడై తన ఆస్థానానికి రప్పించుకున్నాడు. అయితే స్వామిపై చెప్పినట్టి శృంగార పదం తనపై కూడా చెప్పమని రాజు కోరగా, అన్నమయ్య నిరాకరించి సంకెళ్ల పాలయ్యారని మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యంలో వర్ణించారు.

అన్నమయ్య పదకర్తగా లోకప్రసిద్ధుడు. శాస్త్రకర్తగా మాత్రం కొందరికే పరిచితుడు. ఆనాడు పద్యానికి ఛందశ్శాస్త్రం ఉంది, పండితుల మన్నన ఉంది. పాటకు అంతటి గౌరవం లేదు. ఆ లోటు తీర్చడానికి ఆయన సంస్కృతంలో ‘సంకీర్తన లక్షణం’ రచించారు. కుమారుడు పెద తిరుమలాచార్యులు దానికి వ్యాఖ్య వ్రాశారు. మూలం, వ్యాఖ్య రెండూ కాలగర్భంలో కలిసిపోయాయి. మనుమడు చిన తిరుమలాచార్యులు తెలుగు చేయడం వల్లనే ఆ శాస్త్రం మనకు దక్కింది. పల్లెజనులు పాడుకొనే ఏలలకు, గొబ్బిపదాలకు, చందమామపదాలకు కూడా అందులో స్థానం లభించింది.

సంకీర్తనల చరిత్ర కూడా ఇటువంటిదే. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించారని ప్రసిద్ధి. వాటిని పెద తిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించారు. తిరుమల ఆలయ భాండాగారంలో శతాబ్దాలపాటు మరుగున పడిన ఆ రేకులు 1922లో వెలుగు చూశాయి. లభించిన సంకీర్తనలు సగానికి లోపే. రేకులపై రాగం పేరు ఉన్నది గాని స్వరలిపి లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు సాహిత్యాన్ని పరిష్కరించగా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనేక కీర్తనలకు స్వరకల్పన చేశారు.

తాత కూర్చిన శాస్త్రాన్ని మనుమడు తెలుగు చేయకుంటే, తండ్రి పాటలను కొడుకు రాగికెక్కించకుంటే, అన్నమయ్య నేడు మనకు పేరుగానే మిగిలేవారు. సృష్టించినవారితో సమానంగా కాపాడినవారు కూడా స్మరణీయులే.