నక్షత్ర విద్వాంసుడు అబ్దుర్రహ్మాన్ సూఫీ

ఒకనాడు తెలుగు తరగతిలో మేము ఒక ప్రబంధ భాగమును బోధించుచుండగా కృత్తికల ప్రస్తావన వచ్చినది. కుమారస్వామిని పెంచిన ఆరుగురు తల్లులే ఆకాశమున చుక్కలై నిలిచినారన్న పురాణ కథను వివరించినాము. పాఠము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి మా వద్దకు వచ్చి, ఇతరుల దేవతల కథలు మనకెందుకని, చదివినచో మన విశ్వాసమునకు లోపము కలుగదా యని వినయముతో అడిగినాడు. పరీక్షలో ఆ ప్రశ్న రావచ్చునని చెప్పి పంపివేసినాము. అది అధ్యాపకునికి తగిన సమాధానము కాదని ఆ రాత్రియే మాకు తోచినది. వెయ్యేండ్ల క్రిందట ఇటువంటి సందర్భముననే నిలిచి, వాదముతో గాక జీవితకాలపు కృషితో జవాబు చూపిన ఒక మహనీయుని చరిత్రను ఆ విద్యార్థి కొరకు, అతని వంటి వారందరి కొరకు ఇక్కడ సంగ్రహముగా వ్రాయుచున్నాము.

అబుల్ హుసేన్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఉమర్ సూఫీ క్రీ.శ. 903లో, అనగా హిజ్రీ 291లో, ఇరాన్ దేశపు రయ్ నగరమున జన్మించినారు. ఆ నగర శిథిలములు నేటి టెహరాన్ చెంతనే యున్నవి. బాగ్దాదులో ఖలీఫాల పేరు మాత్రము మిగిలి, రాజ్యాధికారము బువైహీ వంశపు ప్రభువుల చేతికి జారుచున్న కాలమది. రాజ్యములు చెదరినను విద్య చెదరలేదు. అంతకు నూరేండ్ల ముందే గ్రీకు శాస్త్ర గ్రంథములు అరబ్బీ భాషలోనికి వచ్చినవి. వానిలో మిక్కిలి పేరెన్నికగన్నది అలెగ్జాండ్రియా పండితుడైన టాలెమీ రెండవ శతాబ్దమున రచించిన అల్ మజిస్తీ. అందు వెయ్యికి పైగా నక్షత్రములను 48 రాశి చిత్రములుగా విభజించి పట్టికలు కట్టినారు.

ఆ చిత్రములలో పెక్కింటికి గ్రీకుల పురాణ గాథలు ఆధారము. కాసియోపియా యను రాణి తన కుమార్తె సముద్ర కన్యల కంటె అందగత్తె యని గర్వించినదట. సముద్ర దేవుడు కోపించి ఒక జలరాక్షసిని పంపినాడు. దేశమును కాపాడుటకై తండ్రి సెఫియస్ తన బిడ్డ ఆండ్రోమెడాను సంకెళ్ళతో బండకు కట్టి రాక్షసికి విడిచినాడు. మెడూసా తలను తెగనరికి తెచ్చుచున్న వీరుడు పెర్సియస్ ఆమెను రక్షించి పెండ్లాడినాడు. తల్లి, తండ్రి, కూతురు, వీరుడు, జలరాక్షసి అందరును నేటికిని ఆకాశమున ఒకరి చెంత ఒకరు రాశులై కనిపింతురు. గ్రహముల సంగతియు ఇటువంటిదే. మెర్క్యురీ, వీనస్, మార్స్, జూపిటర్, సాటర్న్ అన్నవన్నియు రోమనుల దేవతల పేర్లు. అరబ్బులు వానినే ఉతారిద్, జుహ్రా, మిర్రీఖ్, ముష్తరీ, జుహల్ అన్నారు. మనము బుధుడు, శుక్రుడు, కుజుడు, గురువు, శని యని పిలిచి వారములకు ఆ పేర్లే పెట్టుకొన్నాము.

ఇక అరబ్బు ఎడారి వాసులకు తమదైన వేరొక ఆకాశము ఉండెను. చంద్రుడు నెలలో బస చేయు 28 మంజిళ్ళు, ఒంటెల కాపరులు దారి గుర్తించు చుక్కలు, వాన రాకను తెలుపు చుక్కలు వారికి తరతరములుగా కంఠస్థము. గ్రీకు పట్టికలు చదివిన పండితునికి ఎడారి పేర్లు తెలియవు. ఎడారి పేర్లు ఎరిగిన వానికి పట్టికలు తెలియవు. సూఫీ వారికి మిక్కిలి బాధ కలిగించినది మరొకటి యున్నది. ఖగోళ గోళములను చేయువారు పుస్తకములను చూచి చుక్కలు గ్రుచ్చుచుండిరే గాని, తల యెత్తి ఆకాశమును చూచుట లేదు. చేతిలోని గోళముపై చూపగలిగిన నక్షత్రమును ఆకాశమున చూపలేని పండితులను తాము ఎరిగియున్నట్లు ఆయన తమ గ్రంథ పీఠికలో వాపోయినారు. ఎడారి నక్షత్ర విద్యను గ్రంథస్థము చేసిన అబూ హనీఫా దీనవరీ నివసించిన ఇంటిని చూచుటకై ఆయన దీనవర్ పట్టణమునకు ప్రయాణము చేసి వచ్చినారు.

బువైహీ ప్రభువులలో ప్రసిద్ధుడైన అజుదుద్దౌలా ఆయనకు ఆశ్రయమిచ్చి, స్థిర నక్షత్రముల విద్యలో తనకు గురువు సూఫీ వారేనని గర్వముతో చెప్పుకొనెడివాడట. ఇస్ఫహాన్, షీరాజ్ నగరములలో పరిశోధన సాగించి, సుమారు 964లో ఆయన స్థిర నక్షత్రముల చిత్ర గ్రంథమును పూర్తి చేసినారు. అందు ప్రతి రాశికి రెండు బొమ్మలు కలవు. ఒకటి నేల మీద నిలిచి చూచువానికి కనిపించు తీరు, రెండవది గోళముపై వెలుపలి నుండి చూచినచో కనిపించు తీరు. ప్రతి బొమ్మకు నక్షత్రముల స్థానములు, కాంతి తరగతులు పట్టికగా చేర్చి, ఎడారి వాసుల పేర్లను కూడ ప్రక్కనే వివరించినారు.

ఉర్దూ ఎరిగిన మన విద్యార్థులకు ఆ గ్రంథములోని పేర్లు పరాయివిగా తోచవు. ఆండ్రోమెడా అందు మర్అతుల్ ముసల్సలా, అనగా సంకెళ్ళ స్త్రీ. సిల్‌సిలా యన్న మాట అందే యున్నది. కాసియోపియా జాతుల్ కుర్సీ, అనగా కుర్చీ గల ఆమె. పెర్సియస్ హామిలు రఅసిల్ గూల్, అనగా పిశాచపు తలను మోయువాడు. ఒరాయన్ జబ్బార్. ఈ పేర్లు ఆయన సృష్టించినవి కావు, అనువాదకుల నుండి వచ్చినవే. కాని వానిని ఎడారి పేర్ల ప్రక్కన కూర్చుండబెట్టి, ఏది ఏ చుక్కయో నిర్ణయించిన ఘనత ఆయనది. గ్రీకుల గాథలను విశ్వసింపుమని ఆయన కోరలేదు. పరాయి మతము వారివని వానిని తుడిచివేయనూ లేదు.

ఈ నిష్పక్షపాత బుద్ధికి ఒక గొప్ప ఫలము దక్కినది. ఎడారి వాసులు ఆండ్రోమెడా ప్రాంతముననే ఒక పెద్ద చేపను ఊహించుకొనిరి. సూఫీ వారు సంకెళ్ళ స్త్రీ బొమ్మపైననే ఆ చేపను కూడ చిత్రించి, దాని నోటి చెంత చిన్న మబ్బు తునక వంటి మచ్చ కలదని గుర్తు పెట్టినారు. అది 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నున్న మరొక నక్షత్ర మండలము. లోకమున దానిని గూర్చి మనకు లభించిన తొలి వ్రాత ఇదే. యూరపులో సైమన్ మారియస్ దూరదర్శినితో దానిని చూచినది 1612లో. అది మన పాలపుంతకు వెలుపలిదని ఎడ్విన్ హబుల్ నిరూపించినది 1920ల దశాబ్దిలో.

ఆయన కృషికి హద్దులును లేకపోలేదు. నక్షత్ర స్థానములన్నింటిని క్రొత్తగా కొలువలేదు. టాలెమీ లెక్కలకే 12 డిగ్రీల 42 నిమిషములు కలిపి తమ కాలమునకు సరిచేసినారు. నక్షత్రములు నూరేండ్లకు ఒక డిగ్రీ జరుగునని టాలెమీ తలచగా, 66 ఏండ్లకు ఒక డిగ్రీ యను లెక్కను ఆయన గైకొన్నారు. నేటి లెక్క సుమారు 72 ఏండ్లు. కాని చుక్కల కాంతిని మాత్రము స్వయముగా కంటితో పరీక్షించి, టాలెమీ పొరబడిన చోట్ల నిర్మొగమాటముగా దిద్దినారు.

986లో, 80 ఏండ్లు దాటిన వయస్సున, ఆయన కన్నుమూసినారు. గ్రంథము మాత్రము ప్రయాణము సాగించినది. 13వ శతాబ్దమున స్పెయిన్ రాజు పదవ అల్ఫోన్సో ఆస్థానమున అది వారి దేశభాషలో వెలువడిన నక్షత్ర గ్రంథమునకు ఆధారమైనది. 15వ శతాబ్దమున సమర్‌ఖంద్ ప్రభువైన ఉలుగ్ బేగ్ కొరకు అందమైన ప్రతి వ్రాయబడినది. యూరపు వారు ఆయనను అజోఫీ యన్నారు. చంద్రునిపై ఒక బిలమునకు ఆ పేరు నిలిచినది. మనము గర్వింపదగిన విషయము మరొకటి కలదు. ఆ అరబ్బీ మూలమును పెక్కు ప్రతులతో పోల్చి పరిష్కరించి 1954లో అచ్చువేసినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ. అప్పటికి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఆ హైదరాబాదు రాష్ట్రములోనివే. కళాశాల కార్యవర్గము వారు ఆ ముద్రణ ప్రతిని మన గ్రంథాలయమునకు సంపాదించి పెట్టిన ఎంతయో మేలు చేసినవారగుదురు.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు తిరిగి వచ్చెదము. ఆ కృత్తికలనే గ్రీకులు అట్లాసు కుమార్తెలన్నారు. అరబ్బులు సురయ్యా యన్నారు. మన ఇండ్లలో ఎందరో ఆడపిల్లలకు ఆ పేరున్నది. మన పల్లెలలోని పెద్దలు దానినే పిల్లలకోడి యందురు. ఆ సురయ్యాను అనుసరించి వచ్చు ఎఱ్ఱని చుక్క అల్ దబరాన్. పేరులోనే వెనుక వచ్చునదన్న అర్థమున్నది. అదియే మన రోహిణి. రోళ్ళు పగులు ఎండలకు పేరుపడిన రోహిణి కార్తెను లెక్కపెట్టు రైతు ఏ మతము వాడైనను, దుక్కికి సిద్ధపడు రోజు ఒక్కటే. కథలు వేరు, చుక్క ఒక్కటి.

ఇతరుల కథలను తెలిసికొనుట వలన సూఫీ వారి విశ్వాసము తరుగలేదు. తెలిసికొనకపోయినచో ఆకాశములో సగము ఆయనకు తెలియకయే యుండెడిది. ఆనాడు ఆ విద్యార్థికి మేము చెప్పవలసిన జవాబు ఇది. కార్తిక, మార్గశిర మాసములలో వెన్నెల లేని రాత్రి, పట్టణపు దీపములకు దూరముగా గోదావరి యొడ్డున నిలిచి, నడినెత్తికి కొంచెము ఉత్తరముగా చూడవలెను. కన్ను చీకటికి అలవాటు పడిన పిమ్మట ఆ చిన్న మబ్బు తునక కనిపించును. పుస్తకము మూసి తల యెత్తి చూచుటయే ఆ మహనీయునికి మనము చెల్లింపగల గౌరవము.